జంతుశాలలో ఊడిన ముడి

నా చిన్నప్పుడు పొద్దుటూరులో మా వీధి మొత్తానికి నిజం సింహాన్ని చూసిన మనిషి ఒక్కరూ లేరు. పత్తి మిల్లులు చూసినాం, బంగారు అంగళ్ళు చూసినాం, పెన్నకు నీళ్ళొచ్చిన రోజు ఊరంతా కట్టగట్టుకుని పోయి ఆ నీళ్ళనే వింతగా చూసినాం. సింహమంటే మాత్రం బడిలో గోడకు వేలాడే పటంలోదే. దానికి కూడా ఎవడో పుణ్యాత్ముడు పెన్సిలుతో కండ్లద్దాలు దిద్దినాడు. అట్లాంటిది, నాకు పదేండ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో మద్రాసుకు పోతాండామని, అక్కడ జంతుశాల చూపిస్తారని మా అమ్మ చెప్పగానే నేను కూర్చున్నచోట కూర్చోలేదు. వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా ప్రతి ఇంట్లోనూ చెప్పి వచ్చినాను. చెప్పినవాళ్ళకే రెండోసారి కూడా చెప్పినాను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేండ్లో మూడేండ్లో అయింది. రాజధాని కర్నూలని పుస్తకాల్లో చదివినాం గానీ మా పెద్దవాళ్ళకు పట్నమంటే మద్రాసే. మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, అక్కడ కాపురముండేది. ఆమె భర్తకు రైలు ఆఫీసులో ఉద్యోగం. మా నాయన బడిపంతులు. ఆ సెలవుల్లో ఆయనకు పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది. ఆడమనిషి ఇద్దరు పిల్లల్నేసుకుని ఒంటిగా అంత దూరం ఎట్ల పోతుందని, లింగాల దగ్గర పల్లెలో ఉండే మా జేజినాయన్ను తోడు పిలిపించినారు. మా వైపు తాతను జేజినాయన అంటాం. ఈయన మా అమ్మ నాయన. ఎండాకాలం సేద్యం పనులుండవు, పైగా చిన్నకూతురి ఇల్లు ఇంతవరకూ చూడలేదు. కాబట్టి పిలిచిన మరుసటి రోజే పులివెందుల మీదుగా బస్సెక్కి మా ఇంట్లో దిగినాడు.

మా జేజినాయన గురించి రెండు సంగతులు చెప్పాల. ఒకటి ఆయన గొంతు. సందేళ ఊరి బయట దిబ్బెక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, “హో...య్! దా... దా... దా!” అని కేక పెడితే ఎంత దూరాన మేసే బర్రె అయినా తలెత్తి ఇంటిదోవ పట్టాల్సిందే. సెలవులకు మేం పల్లెకు పోయినప్పుడైతే, బర్రెలకంటే ముందు మా తమ్ముడు వచ్చేవాడు. వానికి నాలుగేండ్లు. ఊళ్ళో ఎవరింట్లో ఆడుకుంటున్నా, ఆ కేక వినబడిందంటే ఆట అక్కడికక్కడ వదిలేసి పరిగెత్తి వచ్చి, కొట్టం ముందర గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. పితికిన వెంటనే నురుగుతో ఉండే గుమ్మపాలంటే వానికి ప్రాణం.

రెండోది ఆయన ముడి. పశువు మెడకు వేసే పలుపు ముడి అందరూ వేస్తారు, ఈయన వేసేది మాత్రం వేరే. అది ఎంత లాగినా బిగుసుకోదు, ఎంత లాగినా ఊడదు. విప్పాలంటే ముడి వెనకవైపున్న మెలికను బొటనవేలితో పైకి నెట్టి, చిన్న కొసను లోపలికి దూర్చాల. ఆ కిటుకు తెలియనివాళ్ళు పళ్ళతో పీకినా లాభం లేదు. ఊళ్ళో ఎవరు కొత్త కోడెను కొనుక్కొచ్చినా మొదటిసారి గూటానికి కట్టేదానికి మా జేజినాయన్నే పిలిచేవాళ్ళు. “ఆయప్ప కట్టినాడంటే ఇంగ అది ఈ ఊరి ఎద్దే” అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా పైకి ఏమీ అనేవాడు కాదు గానీ మీసం మాత్రం ఒకసారి సవరించుకునేవాడు. ఆ ముడిని మా మేనమామకు నేర్పబోయి, మామ చేతికి పట్టుబడక, విసుగొచ్చి వదిలేసినాడు. అంతకుముందు ఎండాకాలంలో అరుగు మీద కూర్చోబెట్టుకుని నాకు నేర్పినాడు. నాకు రెండు పూటల్లో వచ్చేసింది. ఆడపిల్లకెందుకబ్బా ఎద్దుల ముడి అని మా అమ్మ గొణిగింది, ఆయన వినలేదు.

బ్రహ్మంగారిమఠం తిరునాళ్ళకు పోయినప్పుడల్లా ఆయన చేసే పని ఒకటుంది. తన భుజం మీది పొడుగు తువ్వాల తీసి, ఒక కొస మా తమ్ముడి మణికట్టుకు, ఇంకో కొస నా మణికట్టుకు కట్టేవాడు. అదే ముడి. జనంలో పిల్లలు తప్పిపోకుండా మా పల్లెల్లో అందరూ ఏదో ఒకటి చేస్తారు, కొందరు చీరచెంగుకు కడతారు, కొందరు నడుముకు తాడు కడతారు. కాబట్టి తిరునాళ్ళలో నాకెప్పుడూ సిగ్గనిపించలేదు. మద్రాసులో అనిపించింది.

సిగ్గుకు బీజం పడింది మా చిన్నమ్మ ఇంట్లోనే. యర్రగుంట్లలో రైలెక్కి, సద్దరొట్టెలూ ఊరుబిండి పచ్చడీ తింటూ, బొగ్గు నుసి కండ్లలో పడి ఏడుస్తూ ఎట్లో మద్రాసు చేరినాం. మా చిన్నమ్మకు ఒక కూతురు. నాకంటే ఏడాది పెద్దది. గౌను, కాళ్ళకు బూట్లు, రెండు జడలకూ రిబ్బన్లు. నేను మోకాళ్ళ కిందికి దిగే పరికిణీలో, నూనె కారే తలతో ఉన్నాను. ఇంట్లోకి పోగానే నేను “చెప్పులు యాడ ఇడ్సాల?” అని అడిగితే ఆ అక్క పడీపడీ నవ్వింది. “ఏంటే, మీరు మాట్లాడితే పోట్లాడినట్టుంటుంది” అన్నది. అంతే, ఆ రోజునుంచి నేను నోరు తెరవాలంటే ముందు లోపల మాటను ఉతికి ఆరేసుకునేదాన్ని. మా జేజినాయనేమో వీధిలో నిలబడి, “ఏమప్పా, ఈడ నీళ్ళు శానా సప్పగుండాయే!” అని ఎదురింటాయనతో గట్టిగా మాట్లాడుతాంటే, ఈయన మా వాడు కాదన్నట్టు ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. ఇప్పుడు రాస్తాంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు పొద్దున జంతుశాలకు బయల్దేరినాం. మా చిన్నమ్మ దోవలో చెప్పింది, అక్కడ జనం జంతుశాలను బతికిన కాలేజీ అంటారట, చచ్చిన జంతువుల్ని పెట్టిన ఇంకో భవనాన్ని చచ్చిన కాలేజీ అంటారట. “అట్లయితే బతికిన దాన్నే చూద్దాంలేమ్మా, చచ్చినవి మనూళ్ళో కరువొస్తే శానా చూస్తాండాం గదా” అన్నాడు మా జేజినాయన. బస్సులో వాళ్ళంతా తిరిగి చూసినారు.

గేటు దగ్గర జనం తిరునాళ్ళలో ఉన్నట్టే ఉన్నారు. ఆయన భుజం మీది తువ్వాల తీసినాడు. వద్దు జేజినాయనా అని చెప్పేలోపలే నా ఎడమచేతికీ తమ్ముడి కుడిచేతికీ ముడి పడిపోయింది. “వాడు నీతోనే పాపా. కన్నుగప్పి పోనీవద్దు” అన్నాడు. మా అమ్మా చిన్నమ్మా ఏడాది తర్వాత కలిసినవాళ్ళు, ఒకరి మాట ఒకరికి అందనివ్వకుండా మాట్లాడుకుంటూ ముందు నడిచినారు. వెనక ఆయన. మధ్యలో మేం ముగ్గురు పిల్లలం.

కోతుల బోను దాటేదాకా బాగానే ఉండింది. అక్కడ మా అక్కకు తెలిసిన బడిపిల్లలు ఇద్దరు ఎదురొచ్చినారు. బూట్లవాళ్ళే. వాళ్ళు మా చేతుల వైపు చూసి, ఏదో అరవంలో అనుకుని నవ్వుకున్నారు. వాళ్ళు పోయినాక అక్క నా చెవిలో, “మేకల్ని తోలుకుపోతున్నారా అని అడిగారే. నాకు తల కొట్టేసినట్టయింది. విప్పెయ్యవే” అన్నది. వెనక్కి చూసినాను. జేజినాయన ఒంటె ముందర నిలబడిపోయి దాని పళ్ళు చూసేదానికి వంగుతాండాడు. బొటనవేలితో మెలికను నెట్టినాను, కొస దూర్చినాను. తమ్ముడి చేయి విడిపోయింది. తర్వాత నా చేయి. తువ్వాలను ఎవరికీ కనబడకుండా చక్కగా నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాను. తమ్ముడితో, “నా పరికిణీ పట్టుకోరా” అన్నాను. వాడు పట్టుకున్నాడు.

సింహం పడుకుని ఉంది, అదీ వీపు మా వైపు తిప్పి. ఇంత దూరం వచ్చింది దాని వీపు చూసేదానికా అని నాకు ఏడుపొచ్చింది. వీధి వీధంతా చెప్పి వచ్చిందాన్ని, తిరిగిపోయి ఏం చెప్పేది? జనాన్ని తోసుకుని కటకటాల దగ్గరికి పోయి, అది ఇటు తిరిగేదాకా కదిలేది లేదని నిలబడినాను. ఎంతసేపు నిలబడినానో తెలియదు. చివరికి అది లేచి, ఇటు తిరిగి, నోరు బార్లా తెరిచి ఆవులించింది. అమ్మో, ఆ నోరు! ఇది మా తమ్ముడు చూడాల అనుకుని, వాణ్ణి ఎత్తుకుందామని పక్కకు చేయి చాపినాను. చేతికి ఏమీ తగల్లేదు.

ముందు నమ్మలేదు. పరికిణీ చూసుకున్నాను, అటు చూసినాను, ఇటు చూసినాను. అన్నీ కాళ్ళే, మా వాడి కాళ్ళు మాత్రం లేవు. అక్కను అడిగితే దాని ముఖం తెల్లబోయింది. నేను అరిచినాను. మా అమ్మ వెనక్కి తిరిగి, నన్నొక్కదాన్నే చూసి, ఏమీ అడక్కుండానే గుండె మీద చేయి వేసుకుంది. ఆ తర్వాత ఆమె పరుగు చెప్పలేను. కనబడిన ప్రతివాణ్ణీ, “మా పిల్లోణ్ణి చూసినారా? పచ్చ చొక్కా, నాలుగేండ్లు” అని తెలుగులో అడుగుతాంది, వాళ్ళు అరవంలో ఏదో చెబుతాండారు, చిన్నమ్మ ఇద్దరి మధ్యా ఉరుకుతాంది. కాపలావాడొకడు గేటు వైపు పోయినాడు. సింహం బోనుకు కొంచెం అవతల మొసళ్ళ మడుగుంది. దాని చుట్టూ గోడ నా నడుమెత్తు కూడా లేదు. మా అమ్మ ఆ గోడను చూసి అక్కడే కూలబడింది.

మా జేజినాయన నెమ్మదిగా ఆ గోడ దగ్గరికి పోయినాడు. వంగి నీళ్ళలోకి చూసినాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, మొసళ్ళు కూడా కదలకుండా ఉన్నాయి. ఆయన వీపు తప్ప నాకేమీ కనబడలేదు. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, తెలియని దేవుళ్ళకు కూడా మొక్కుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి మా అమ్మతో, “ఈడ లేడు. లేమ్మా” అన్నాడు. తర్వాత తలగుడ్డ తీసి నా చేతికిచ్చి, అక్కడున్న సిమెంటు బల్ల మీదికి ఎక్కినాడు.

ఏం చేయబోతాండాడో మా చిన్నమ్మకు అర్థమైపోయింది. “నాయనా, ఇది మనూరు కాదు, జనం నవ్వుతారు” అన్నది.

“నవ్వనీలేమ్మా. మనోనికి తెలిసిన కేక ఇదొకటే గదా” అన్నాడు.

చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేక పెట్టినాడు. “హో...య్! దా... దా... దా!” లింగాల దిబ్బ మీది కేకను మద్రాసు నడిబొడ్డున వినడం అదే మొదలు, అదే చివర. కోతులన్నీ ఒక్కసారి నోళ్ళు మూసుకుని, మరుక్షణం అన్నీ కలిసి కిచకిచలాడినాయి. యాడో నెమలి బదులు పలికింది. జింకల దొడ్లో జింకలు తలలెత్తి కంచె దగ్గరికి వచ్చి వరసగా నిలబడినాయి. ఏదో జంతువు బోను తెంచుకుందనుకుని ఒకామె పిల్లలతో సహా పరుగెత్తింది. ఇద్దరు కాపలావాళ్ళు కర్రలతో వచ్చినారు. అంతమంది చూస్తాంటే నాకు సిగ్గనిపించాల కదా, అనిపించలేదు. ఇంకా గట్టిగా అరువు జేజినాయనా అని లోపల్లోపల బతిమాలుకుంటాండాను.

రెండో కేకకు ఏమీ కాలేదు. మూడో కేక పెట్టి ఆయన ఊపిరి తీసుకుంటాండగా, జింకల దొడ్డి వెనకనుంచి పచ్చ చొక్కా కనబడింది. వస్తాండాడు మా వాడు! రెండు గుప్పిళ్ళ నిండా చెనిక్కాయలు పట్టుకుని, అవి రాలిపోకుండా మోచేతులు ఎగరేసుకుంటూ, అచ్చం కొట్టం ముందుకు వచ్చినట్టే ఉరుకుతాండాడు. వాని వెనక చెనిక్కాయలమ్మే ముసలామె గంప నెత్తిన పెట్టుకుని, పిల్లోడు మళ్ళీ తప్పిపోతాండాడని అరుచుకుంటూ వస్తాంది. వాడు నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, మా జేజినాయన పంచె పట్టుకుని అడిగిన మొదటి మాట, “జేజినాయనా, గుమ్మపాలు యాడ?”

మా అమ్మ వాణ్ణి ముద్దులు పెడుతూ రెండు దెబ్బలు కూడా వేసింది. ముసలామె చెప్పిందాన్ని చిన్నమ్మ మాకు తెలుగులో చెప్పింది. పిల్లోడు నెమలి వెంట పోయి దోవ తప్పినాడట, ఆమె నీడలో కూర్చోబెట్టి కాయలిచ్చిందట, చుక్క కన్నీరు కార్చలేదట. ఏమడిగినా ఒకే మాట అంటాండాడట. ఆ మాట ఆమె తనకు వచ్చినట్టు పలికింది. “జేజినాయన పిలుస్తాడు.” వాడికి అనుమానమే లేదు. మా జేజినాయన ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, నడుములోని వక్కాకు సంచి విప్పినాడు. ఒకరి మాట ఒకరికి తెలియని ఆ ముసలివాళ్ళిద్దరూ ఆ బల్ల మీద పక్కపక్కన కూర్చుని వక్కాకు నమిలినారు.

అప్పుడు మా అమ్మ నా వైపు తిరిగింది. “కట్టింటిమి గదే! ఎట్ల ఊడింది?”

“తెలీదుమా. అదే ఊడిపోయింది” అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అక్క నేల చూసింది. మా అమ్మ చేయి అప్పటికే పైకి లేచింది.

“తువ్వాల ఇట్ల ఇయ్యి పాపా” అన్నాడు మా జేజినాయన. చంకలోంచి తీసి ఇచ్చినాను. నాలుగు మడతల తువ్వాల. ఆయన దాన్ని ఒక్క క్షణం చేతిలో పట్టుకుని చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు. ఆ తర్వాత మడతలు విప్పి, బాగా దులిపి, దాంతో మా తమ్ముడి ముక్కు తుడిచి భుజాన వేసుకున్నాడు. “పాపనేమీ అనొద్దుమ్మా. ముడి నేనే సరిగ్గా వేయల్యా. వయసు మీద పడ్తాంది, వేళ్ళు మాట వినల్యా” అన్నాడు. మా చిన్నమ్మ నోరు తెరిచింది. “నీ ముడి ఊడిందా నాయనా!” అన్నది. ఊడిందమ్మా, ఏం చేద్దాం అన్నాడాయన. ఆయన మీసం సవరించుకోలేదు.

ఇంక ఇంటికి పోదాం పదండని మా అమ్మ పట్టుబట్టింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు పోతే పిల్లోనికి ఈ తప్పిపోయిందే గుర్తుంటాది, ఏనుగును చూసినాక పోతే ఏనుగు గుర్తుంటాది అన్నాడు. నేను తువ్వాల కోసం చేయి చాపి నిలబడినాను. ఈసారి ఎంతమంది నవ్వినా విప్పేది లేదని గట్టిగా అనుకున్నాను. ఆయన తువ్వాల తీయలేదు. తమ్ముడి చేయి తీసుకుని, చెనిక్కాయల పొట్టుతో సహా నా చేతిలో పెట్టి, “ముడొద్దు పాపా. నువ్వే పట్టుకో” అన్నాడు.

ఏనుగును చూసినాం. పులిని చూసినాం, ఎలుగుబంటిని చూసినాం. మా తమ్ముడు ఏనుగుకు రెండు తోకలెందుకున్నాయని అడిగి అందరినీ నవ్వించినాడు. నేను వాటిలో దేన్నీ సరిగ్గా చూడలేదు, వాని చేతినే చూసుకుంటూ నడిచినాను. చెమటకు జారిపోతుందేమోనని ఇంకో చేత్తో కూడా పట్టుకున్నాను. అయినా అది మంచి రోజే. సాయంత్రం చిన్నమ్మ ఇంట్లో అందరం గుండ్రంగా కూర్చుని నవ్వుకుంటూ అన్నం తిన్నాం. మా అక్క తన రిబ్బన్లలో ఒకటి నాకిచ్చింది, ఎందుకిచ్చిందో నాకూ దానికీ తెలుసు.

కథ అక్కడితో అయిపోయింటే బాగుండు. మా అమ్మకు ఏ సంగతైనా ఇంపుగా చెప్పే నేర్పుంది. లింగాలకు పోయినప్పుడు ఆ కేక సంగతి, జింకలు వరసకట్టిన సంగతి, ముడి ఊడిన సంగతి మా మేనమామకు చెప్పింది. ఆయన ఊరికి చెప్పినాడు. పల్లెలో ఒక మాట బయటపడితే ఇంక దానికి అలుపుండదు. మా జేజినాయన పలుపు చేతిలో పట్టుకుంటే చాలు, “ఏమప్పా, మద్రాసు ముడా, మామూలు ముడా?” అని మొదలుపెట్టేవాళ్ళు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఏడాది పొడుగునా నవ్వినాడు. మేం పల్లెకు పోయినప్పుడు వాళ్ళు నవ్విన ప్రతిసారీ నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని. చెబితే మా అమ్మ ఒళ్ళు చీరేస్తుందనే భయం కొంత. అంతకంటే, ఇన్నాళ్ళు దాచినదాన్ని ఇప్పుడు ఏ నోటితో చెప్పేదనే బెరుకు.

మరుసటి ఏడు ఏరువాక పున్నమికి మేం పల్లెలోనే ఉన్నాం. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలకు గంటలు కట్టినారు. మా జేజినాయన వాళ్ళ పక్కింటాయన జమ్మలమడుగు వైపునుంచి ఒక కోడెను తెచ్చుకున్నాడు. నల్లది, పొగరుది, ముగ్గురు పట్టినా నిలవడం లేదు. దాన్ని మొదటిసారి గూటానికి కట్టాల. అలవాటు చొప్పున మా జేజినాయన అరుగు దిగి తువ్వాల నడుముకు బిగించుకున్నాడు. పక్కింటాయన మొహమాటంగా, “నువ్వు కూచో మామా. వయసైపాయె గదా. వేరే వాళ్ళకు చెప్పినాలే” అన్నాడు. వెనకనుంచి ఎవడో, “ఆయప్ప కడితే ఇది సక్కగా మద్రాసుకే పోతాది” అన్నాడు. అందరూ నవ్వినారు. మా జేజినాయన కూడా నవ్వినాడు. నవ్వి, నడుముకు బిగించిన తువ్వాలను విప్పి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

ఆ విప్పడం నేను చూడలేకపోయినాను. యాడినుంచి వచ్చిందో ధైర్యం, ఎద్దుల మధ్యలోకి పోయి నిలబడి, “ముడి ఊడల్యా! నేనే విప్పినా! జేజినాయన నాకు నేర్పించిన ముడి, నేనే విప్పినా!” అని అరిచినాను. మద్రాసులో ఉతికి ఆరేసుకున్న మాటలన్నీ యాడికి పోయినాయో, అచ్చం లింగాల గొంతే వచ్చింది. మా అమ్మ వడివడిగా వచ్చింది గానీ ఆయన చేయి అడ్డం పెట్టినాడు. పక్కింటాయన కాసేపు నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, చేతిలోని కొత్త పలుపు తెచ్చి మా జేజినాయన చేతిలో పెట్టినాడు. “కట్టు మామా. తప్పయిపాయె” అన్నాడు. ఆయన కట్టినాడు. ఆ నల్లకోడె గూటం చుట్టూ తిరిగి తిరిగి, లాగి లాగి, చివరికి మేత వైపు మూతి పెట్టింది.

పొద్దువాలినాక కొట్టం ముందర ఆయన పక్కన కూర్చున్నాను. నీకు ముందే తెలుసా జేజినాయనా అని అడిగినాను.

“తువ్వాల మడతపెట్టి ఉండె గదా పాపా. ఊడిపోయిన తువ్వాల తానే మడతలెట్ల పడతాది?” అన్నాడు.

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగినాను. “ఆ పొద్దు నీ మొగం చూసినా. పడాల్సిన దెబ్బలు అప్పటికే పడినాయి. ఇంగ నేను యాడని కొట్టాల?” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఊరంతా ఏడాది నిన్ను నవ్వులపాలు చేసింది గదా, నా వల్లనే గదా అన్నాను. ఆయన తువ్వాల కొసతో నా ముక్కు కూడా తుడిచినాడు, తమ్ముడికి తుడిచినట్టే. “నీ తమ్ముడు మూడు కేకలకు వచ్చె. నీకు ఏడాది పట్టె. వచ్చినావు గదా, సాలు” అన్నాడు. తర్వాత లేచి దిబ్బ వైపు నడిచినాడు, బర్రెల్ని పిలిచే పొద్దయింది.

నేనూ మా నాయన మాదిరే పంతులమ్మనైనాను. ముప్పై ఏండ్లకు పైగా పొద్దుటూరు పిల్లలకు పాఠాలు చెప్పినాను. వాళ్ళను హైదరాబాదు జంతుశాలకు తీసుకుపోయినాను, తిరుపతికి తీసుకుపోయినాను. పిల్లలు అబద్ధాలు చెబుతారు. చెప్పని పిల్లలుంటే వాళ్ళను కూడా జంతుశాలలోనే పెట్టాల. నాకు కోపం తొందరగా వస్తుంది, బెత్తం పట్టుకున్న రోజులూ లేకపోలేదు. కానీ ముఖం చూసి, దెబ్బ అప్పటికే పడిందని తెలిసిన రోజు, బెత్తం పక్కన పెట్టి కాచుకున్నాను. కొందరు మరుసటి రోజే వచ్చి చెప్పినారు. ఒకడు పెండ్లి పత్రిక ఇచ్చేదానికి వచ్చి చెప్పినాడు. ఒకరిద్దరు ఇంకా రాలేదు, వస్తారు.

మా జేజినాయన పోయి శానా ఏండ్లయింది. మా తమ్ముడికే ఇప్పుడు మనవళ్ళు. పోయిన ఎండాకాలం వాళ్ళను తీసుకుని మేమిద్దరం తిరుపతి జంతుశాలకు పోయినాం. వానికి మద్రాసులో తప్పిపోయింది గుర్తే లేదు, ఏనుగు గుర్తుంది. సింహం అక్కడ కూడా వీపు తిప్పుకునే పడుకుంది. జనం బాగా ఉన్నారు. నా సంచిలో పొడుగు తువ్వాల ఉంది, వేళ్ళు ఆ ముడిని ఇంకా మరిచిపోలేదు. చిన్న మనవడు నా చేయి విడిపించుకోవాలని చూస్తాంటే, వాని అక్కను దగ్గరికి పిలిచినాను. దానికి పదేండ్లు. సంచిలోకి పోయిన చేయి వెనక్కి తీసుకుని, వాని చేయి దాని చేతిలో పెట్టి, “ముడొద్దు పాపా. నువ్వే పట్టుకో” అన్నాను.